బల్బు మార్చే ముందు మీటర్ పట్టండి: బైక్ హెడ్‌లైట్, కరెంటు తంటాలు

రాత్రిపూట హెడ్‌లైట్ మసకబారితే చాలామంది మొదట చేసే పని బల్బు మార్చడం. నేనూ అదే చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. అప్పటికీ లైటు చమురు అయిపోయిన దీపంలాగే ఉంటే ఇక బ్యాటరీదే తప్పని తేల్చేసి అదీ కొత్తది వేయించి, ఆ రాత్రి హుషారుగా బయల్దేరితే దారి మునుపటిలాగే కనబడీ కనబడనట్టుంది. చివరికి దొరికిందేమిటంటే, ట్యాంకు కింద ఫ్రేముకు బిగించిన ఎర్త్ బోల్టు (కరెంటు ఫ్రేము మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగిపోయే దారి అది). చూడ్డానికి గట్టిగానే ఉంది. ఊడదీస్తే వాషర్ కింద ఎర్రటి తుప్పు పొడిలా రాలింది. గరుకు కాగితంతో పది నిమిషాలు రుద్ది బిగించాక లైటు తెల్లగా వచ్చింది. తీసేసిన పాత బ్యాటరీ నిక్షేపంగా ఉందని తరవాత తెలిసినప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది.

అప్పట్నుంచీ నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. బైకులో కరెంటు తంటా వస్తే ముందు అనుమానించాల్సింది వస్తువుల్ని కాదు, రెండు వస్తువులు కలిసే చోట్లని. కప్లర్లు (రెండు వైర్ల కట్టల్ని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు), ఎర్త్ బోల్టులు, స్విచ్చి లోపలి రాగి రేకులు, బల్బు హోల్డర్ పిన్నులు, బ్యాటరీ టెర్మినళ్లు. ఎండ, వాన, దుమ్ము, ఇంజన్ అదురు అన్నీ కలిసి మొదట పాడుచేసేది వీటినే.

కావలసిన సామాను పెద్దగా లేదు. ఒక మామూలు మల్టీమీటర్ (ఖరీదైనది అక్కర్లేదు), ఇండికేటర్ బల్బు ఒకదానికి రెండు వైర్లు కట్టుకుంటే తయారయ్యే టెస్ట్ ల్యాంప్, గరుకు కాగితం, పాత టూత్ బ్రష్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సరైన ఆంపియర్ల ఫ్యూజులు రెండు మూడు, స్పానర్లు. బండి వైరింగ్ డయాగ్రమ్ దొరికితే దాన్ని మించింది లేదు, ఎందుకంటే వైర్ల రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, ఒక బండిలో ఎర్త్ నల్ల వైరైతే ఇంకో బండిలో ఆకుపచ్చ.

బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు నెగటివ్, తరవాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, తరవాత నెగటివ్. ఇది ఆచారం కాదు. నెగటివ్ ఫ్రేముకు కలిసే ఉంటుంది కాబట్టి, అది ఉండగా పాజిటివ్ విప్పబోయి స్పానర్ ఫ్రేముకు తగిలిందంటే నేరుగా షార్ట్. ఆ నిప్పురవ్వ చూసినవాళ్లు ఈ వరస మళ్లీ మరిచిపోరు.

మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి

చిన్న బళ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, హెడ్‌లైట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజన్ లోపల మ్యాగ్నెట్ దగ్గరుండే కాయిల్ నుంచి వస్తుంది. దాన్నే ఏసీ లైటు అంటారు. ఇంజన్ ఆగితే లైటు ఆరిపోతుంది, స్లోలో మసకగా ఉండి యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ వెలుగు పెరుగుతుంది. అలాంటి బండిలో స్లోలో లైటు తగ్గడం జబ్బు కాదు, దాని తత్వమే అంత. బ్యాటరీ మార్చినా ఆ లైటులో పిసరంత తేడా రాదు.

రెండోది డీసీ లైటు, అంటే బ్యాటరీ నుంచి వచ్చేది. దీని వెలుగు యాక్సిలరేటర్‌తో పెద్దగా మారకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది. కొత్త బళ్లలో చాలావాటికి లైటు స్విచ్చే ఉండదు, ఇంజన్ స్టార్టయ్యాకే లైటు వెలుగుతుంది, అందుకని తాళం తిప్పగానే వెలగలేదు కాబట్టి ఏసీ అనుకుంటే పొరపాటు. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తిప్పి చూడటమే సరైన పరీక్ష.

ఏ లైటు వెలగడం లేదో చూస్తే సగం జవాబు దొరికినట్టే

బ్రైట్ వెలుగుతోంది, డిమ్ వెలగట్లేదు, లేదా అటుది ఇటు. ఇది దాదాపు ఎప్పుడూ బల్బే. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లుంటాయి, ఒకటి కాలిపోతే రెండోది పనిచేస్తూనే ఉంటుంది. బల్బు తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. తెగిన ఫిలమెంట్ సాధారణంగా కంటికే కనబడుతుంది. కనబడకపోతే మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి చూస్తే, బాగున్న ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు దాదాపు సున్నా చూపిస్తుంది, తెగినదైతే మీటర్ ప్రోబులు తగిలించకముందు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. బల్బు రెండువైపులా బాగుంటే హ్యాండిల్ మీది డిప్పర్ స్విచ్చిని (బ్రైట్, డిమ్ మార్చేది) అనుమానించాలి. పాస్ స్విచ్చి (నొక్కినంతసేపే బ్రైట్ కొట్టే బటన్) నొక్కితే బ్రైట్ వచ్చి, డిప్పర్ తిప్పితే రాకపోతే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

రెండూ వెలగట్లేదు కానీ హారన్, ఇండికేటర్లు బాగున్నాయి. ఫ్యూజు చూడండి (కొన్ని బళ్లకు హెడ్‌లైట్‌కి విడిగా ఉంటుంది), తరవాత బల్బు వెనక మూడు పిన్నుల హోల్డర్ పీకి చూడండి. ఆ హోల్డర్ని ఒకసారి దగ్గరగా గమనించాలి. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల లేత గోధుమ రంగులోకి తిరిగి, కాస్త కరిగి వంగి ఉంటే, ఆ పిన్ను వదులై వేడెక్కుతోందని అర్థం. పిన్ను లోపలి రేకు కూడా మెరుపు పోయి నల్లబడి ఉంటుంది. దాన్ని గీకి మళ్లీ వాడితే నాలుగు రోజులు పనిచేస్తుంది, అయిదో రోజు మళ్లీ మొదటికే వస్తుంది, ఎందుకంటే వేడికి రేకు బిగువు పోయాక తిరిగి రాదు. కొత్త హోల్డర్ వేయడమే మేలు, వీలైతే పింగాణీది.

హ్యాండిల్ తిప్పినప్పుడల్లా లైటు ఆరి వెలుగుతోందా? హెడ్‌లైట్ వెనక, హ్యాండిల్ మెడ దగ్గర, వైర్ల కట్ట రోజూ వందలసార్లు వంగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతూ చివరికి రెండో మూడో పోగులు మిగులుతాయి. లైటు వేసి ఉంచి, ఒక్కో వైరునూ వేళ్లతో పట్టుకుని మెల్లగా వంచుతూ పోండి. ఏ వైరు వంచితే లైటు మినుకుమంటుందో దాన్ని రెండు వేళ్ల మధ్య లాగినట్టు పట్టుకుంటే, తెగినచోట తొడుగు మెత్తగా సాగుతుంది, అది చేతికే తెలిసిపోతుంది. ఇన్సులేషన్ టేపు చుట్టడం వైద్యం కాదు. తెగిన ముక్క కోసేసి, కొంచెం వదులుండేలా కొత్త వైరు కలిపి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ వేయాలి. ఆ అతుకు వంపు దగ్గర పడకుండా చూసుకోండి, సోల్డర్ చేసినచోట వైరు గట్టిపడుతుంది, గట్టిపడింది వంగితే విరుగుతుంది.

మసక వెలుతురు: అసలు కథ ఇక్కడుంది

బల్బు బాగుంది, వెలుగుతోంది, కానీ వెలుగు చాలట్లేదు. అందరూ డబ్బు తగలేసేది ఇక్కడే.

ఫిలమెంట్ బల్బుకు ఒక గుణముంది. వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు తగ్గేది 10 శాతం కాదు, దాదాపు 30 శాతం. అంటే దారిలో ఎక్కడో ఒక వోల్టు, ఒకటిన్నర వోల్టు మింగేసే అతుకు ఉంటే చాలు, కొత్త బల్బు కూడా ముసలి బల్బులా కనబడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి చాలామంది హోల్డర్ పీకి మీటర్ పెట్టి, 12 వోల్టులు వస్తున్నాయి కదా, వైరింగ్ బాగుందిలే అనేస్తారు. ఆ లెక్క తప్పు. బల్బు పీకేశాక కరెంటు పారట్లేదు, పారనప్పుడు తుప్పు పట్టిన అతుకు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. సగం పూడుకుపోయిన పైపులో కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పితేనే సన్నటి ధార బయటపడుతుంది. కాబట్టి బల్బు పెట్టి, లైటు వెలుగుతుండగానే కొలవాలి.

డీసీ లైటుకి ఇలా చేయండి. మీటర్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. లైటు వెలిగించండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబ్ హోల్డర్ వెనకనుంచి దూర్చి, వెలుగుతున్న ఫిలమెంట్‌కి కరెంటు తెచ్చే పిన్ను మీద. మీటర్ చూపించేది దారిలో పోతున్న వోల్టేజీ. అర వోల్టు లోపుంటే వదిలేయొచ్చు. అంతకు మించితే ఎర్ర ప్రోబ్ అక్కడే ఉంచి, నల్లదాన్ని బ్యాటరీ వైపు నుంచి ఒక్కో చోటా పెడుతూ రండి: ఫ్యూజు దాటాక ఎంత, తాళం స్విచ్చి దాటాక ఎంత, డిప్పర్ దాటాక ఎంత. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగిరిందో దొంగ అక్కడున్నాడు.

తరవాత ఎర్త్ వైపు. నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రది బల్బు ఎర్త్ పిన్ను మీద, లైటు వెలుగుతూనే ఉండాలి. ఇక్కడ 0.2 వోల్టు దాటకూడదు. నా బండిలో ఇది 1.9 వచ్చింది. ఆ ఒక్క అంకె రెండు బల్బులు, ఒక బ్యాటరీ కొనకముందే చూసుంటే ఈ పురాణమంతా ఉండేది కాదు. బాగుచేయడం తేలిక: బోల్టు విప్పి, వైరు చివరి రింగు, వాషర్, ఫ్రేము మీద అది ఆనే చోటు, మూడూ మెరిసేదాకా రుద్దండి. ఫ్రేము మీద పెయింటుంటే ఆ మేరకు గీకేయాలి, పెయింటు మీద ఎర్త్ ఆనదు. బిగించాక పైన కొంచెం గ్రీజు పూస్తే నీళ్లు దిగవు.

స్విచ్చిలో వోల్టేజీ పోతుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు దారికొస్తుంది. రాకపోతే విప్పాలి. విప్పేటప్పుడు కింద తెల్లటి గుడ్డ పరచుకోండి, చాలా స్విచ్చిల్లో చిన్న స్ప్రింగు, దాని కొసన కందిగింజంత ఉక్కు గుండు ఉంటాయి, మూత తీయగానే అవి ఎగిరిపోయి, ఇక వెతుక్కోవడమే పనైపోతుంది.

బ్యాటరీ, ఛార్జింగ్

బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున తాళం పెట్టకముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే పావు వంతు ఖాళీ అయినట్టు. 12 దగ్గరికొస్తే దాదాపు అడుగంటినట్టు, ముందు ఛార్జింగ్ పెట్టాకే మిగతా పరీక్షలు. నిండుగా ఉందనిపించినా సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్ చూడటం మరిచిపోకండి. ఆ క్షణంలో 9.5 కంటే కిందికి జారిపోతుంటే బ్యాటరీ లోపల ఓపిక లేదు.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కొంచెం పెంచి (4000 ఆర్పీఎం చుట్టుపక్కల) బ్యాటరీ మీద మళ్లీ కొలవండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే ఛార్జింగ్ సరిగా లేదు. 15 దాటుతుంటే రెగ్యులేటర్ (వోల్టేజీని హద్దులో ఉంచేది) పోయింది, వెంటనే మార్చాలి, లేకపోతే బ్యాటరీలో యాసిడ్ మరిగి ఇంకిపోతుంది, బల్బులు వరసగా కాలిపోతాయి. నెలకో బల్బు పోతోందని బల్బు కంపెనీని తిట్టుకునేవాళ్లు ఒకసారి ఈ కొలత చూసుకోవాలి. వోల్టేజీ 5 శాతం పెరిగితే చాలు, బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. బల్బులు ఊరికే పోవడానికి రెండో కారణం అదురు, అంటే హోల్డర్లో బల్బు కదులుతూ ఉండటం. మూడోది మన చేతులే. హాలోజన్ గాజుని వేళ్లతో ముట్టుకుంటే చర్మం జిడ్డు అంటుకుంటుంది, వేడికి ఆ మచ్చ దగ్గర గాజు దెబ్బతింటుంది. గుడ్డతో పట్టుకోండి, పొరపాటున ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచాకే పెట్టండి.

ఛార్జింగ్ తక్కువైతే తప్పు కాయిల్‌దా, రెగ్యులేటర్ రెక్టిఫైయర్‌దా (కాయిల్ ఇచ్చే ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపే డబ్బీ) తేల్చాలి. త్రీ ఫేజ్ బళ్లలో కాయిల్ నుంచి ఒకే రంగు వైర్లు మూడు బయటికొస్తాయి, చాలా బళ్లలో పసుపు. ఆ కప్లర్ విప్పి, ఇంజన్ ఆపి ఉండగా, ఒక్కో వైరుకీ ఇంజన్ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. అసలు కలవకూడదు. కలిస్తే కాయిల్ కాలి బాడీకి తగిలింది. తరవాత ఇంజన్ నడుపుతూ, మీటర్ ఏసీలో పెట్టి, రెండేసి వైర్ల మధ్య మూడు జతలూ కొలవండి. ఎంత రావాలన్నది బండిని బట్టి మారుతుంది, కానీ మూడు జతలూ ఇంచుమించు ఒకేలా ఉండాలి, యాక్సిలరేటర్‌తో పాటు పెరగాలి. ఒక జతలో పడిపోతే కాయిల్. మూడూ సమానంగా, బండి మాన్యువల్లో చెప్పినంత వస్తూ, కప్లర్లు కూడా శుభ్రంగా ఉండి, అయినా బ్యాటరీకి చేరట్లేదంటే రెగ్యులేటర్. ఆ మూడు వైర్ల కప్లర్నీ ఒకసారి చూడండి, కాలి నల్లబడి ఉండటం చాలా మామూలు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఇంజన్ ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టే అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పని చేయకండి. వోల్టేజీ ఎగదన్ని రెగ్యులేటర్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్), మీటర్ కన్సోల్ ఏదైనా పోవచ్చు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

పోయిన ఫ్యూజు స్థానంలో ఇంకా పెద్ద ఆంపియర్ల ఫ్యూజు గానీ, వైరు ముక్క గానీ, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం గానీ పెట్టొద్దు. ఫ్యూజు కాలకపోతే వైరింగ్ కాలుతుంది, అది ట్యాంకు కిందనుంచే పోతుంది.

ఒక ఉపాయముంది. ఫ్యూజు పెట్టే చోట రెండు పిన్నులకీ టెస్ట్ ల్యాంప్ కలపండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, కానీ ఏదీ కాలదు. ఇప్పుడు ఒక్కో కప్లర్ పీకుతూ, ఒక్కో స్విచ్చి వేసి ఆపుతూ, వైర్లు కదుపుతూ పోండి. ఏది పీకితే బల్బు ఆరిపోతుందో లేదా బాగా మసకబడుతుందో షార్ట్ ఆ దారిలో ఉంది. వెనక మడ్‌గార్డ్ లోపల టైరు ఒరుసుకునే చోటు, సీటు కింద అంచులు, సైలెన్సర్ దగ్గరగా పోయే వైర్లు, తరవాత బిగించిన అలారాలూ ఫాగ్ లైట్లూ, వీటిని ముందు చూడండి. ముఖ్యంగా చివరివాటిని. కంపెనీ వైరింగ్‌ని తొలిచి రెండు పోగులు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కనబడితే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

రెండు మూడు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. తాళం ఆపి, నెగటివ్ వైరు విప్పి, మీటర్ని 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి, విప్పిన వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కలపండి. గడియారానికీ ఈసీయూకీ కొన్ని మిల్లీ ఆంపియర్లు పోతాయి, అది మామూలే. పదులూ వందలూ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడండి. మీటర్ అలా కలిపి ఉన్నప్పుడు సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది.

సెల్ఫ్ నొక్కితే టకటకమని శబ్దం వచ్చి ఇంజన్ తిరగకపోతే బ్యాటరీ దిగింది లేదా టెర్మినల్ వదులైంది, ముందు టెర్మినల్ బిగించి చూడండి. అసలు ఏ శబ్దమూ లేకపోతే కిల్ స్విచ్చి, క్లచ్ స్విచ్చి, సైడ్ స్టాండ్ స్విచ్చి. కిల్ స్విచ్చి ఆఫ్‌లో ఉంచి గంటసేపు బండితో కుస్తీ పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అంతకంటే వివరాలు అడక్కండి.

ఇండికేటర్ ఒకవైపు మరీ వేగంగా కొట్టుకుంటే ఆ వైపు బల్బొకటి పోయినట్టు. ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక రెండువైపులా అలాగే అవుతుంటే ఎల్‌ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ (ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే డబ్బీ) వేయాలి. బ్రేకు నొక్కితే వెనక లైటు పెరగడానికి బదులు తగ్గితే, లేదా ఇండికేటర్‌తో పాటు అదీ మినుకుతుంటే, వెనక లైటు ఎర్త్ పోయింది.

వెలుగు ఎక్కువ కావాలని పెద్ద వాట్ల బల్బు వేసేవాళ్లకి ఒక మాట. 35 వాట్ల బల్బు సుమారు 3 ఆంపియర్లు లాగుతుంది, 60 వాట్లది 5. అదే సన్నటి వైరు, అదే స్విచ్చి రేకు ఆ తేడాని వేడిగా భరిస్తాయి. వేయాలనుకుంటే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడిగా లైను లాగండి, స్విచ్చి రిలేని మాత్రమే నడుపుతుంది. కాయిల్ ఇచ్చేదాన్ని మించి లాగితే రిలే కూడా కాపాడలేదు. ఇక హాలోజన్ డూమ్‌లో (హెడ్‌లైట్ గిన్నెలో) ఎల్‌ఈడీ బల్బు పెడితే తెల్లగా కనబడటం నిజమే, కానీ ఆ అద్దం ఫిలమెంట్ ఉండే చోటు కోసం మలిచింది, వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, మన దారి మీద పడేది అనుకున్నంత ఉండదు.

అన్నీ బిగించాక ఎత్తు సరిచూడండి, డూమ్ ఊడదీసి పెట్టినప్పుడు అది తప్పకుండా కదులుతుంది. సమతలమైన చోట గోడకి 5 మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, టైర్లలో గాలి సరిగా ఉండగా, మామూలుగా ఎంతమంది కూర్చుంటారో అంతమందీ కూర్చోండి. నేలనుంచి హెడ్‌లైట్ నడిమధ్యకి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో సుద్దతో గీత గీయించండి. డిమ్ వేసినప్పుడు వెలుగు పైఅంచు ఆ గీతకి 5 సెంటీమీటర్లు కిందుగా పడాలి. గీతకి పైన పడుతుంటే డూమ్ కిందున్న స్క్రూ అరచుట్టు తిప్పి మళ్లీ చూడండి.